శివప్ప పేరు పక్కన సున్నా

ఆ సున్నా ఎవరు రాశారో తెలియక శోభన రెండు రోజులపాటు లోకంలోని ఇంజనీర్లందర్నీ తిట్టిపోసింది. మూడో రోజు తన పాత ఫైళ్ళు తిరగేస్తే గుర్తొచ్చింది, రాసింది తనేనని.

శోభన బెంగళూరులో ఒక సంస్థలో నగర ప్రణాళిక మీద పరిశోధన చేస్తోంది. పెద్ద పెద్ద రోడ్లు, రైలు లైన్లు, విమానాశ్రయాలు ఎక్కడ రావాలో ఎవరు తేలుస్తారు, ఏ లెక్కలు చూసి తేలుస్తారు, ఆ లెక్కల్లోకి ఎక్కేదెవరు, ఎక్కనిదెవరు అన్నది ఆమె చదువు. ముప్పై ఒక్క ఏళ్ళు వచ్చాయి, అయిదేళ్ళుగా అదే పని. ఊళ్ళో "ఇంకా చదవతానే ఉండావా పాపా?" అని అడిగినవాళ్ళకు మొదట్లో వివరంగా చెప్పేది. ఇప్పుడు నవ్వేసి ఊరుకుంటోంది.

పరిశోధనకు ఆమె ఎంచుకున్నది హోసూరు నుంచి రాయకోట పక్కగా కృష్ణగిరి వైపు వేయబోతున్న ఆరు వరసల కొత్త రోడ్డు. ఫ్యాక్టరీల సరుకు ఊళ్ళలో ఇరుక్కోకుండా నేరుగా పోవడానికని దాన్ని తలపెట్టారు. రెండు పక్కలా మనిషి ఎక్కలేనంత కట్ట, దాని మీద కంచె. ఇవతలి నుంచి అవతలికి పోవాలంటే కట్ట కింద సిమెంటు పెట్టె లాంటి దారి ఉండాలి. ఇంజనీర్లు దాన్ని బాక్సు అంటారు. బాక్సు ఉన్న ఊరు ఎప్పటిలా బతుకుతుంది, లేని ఊరు రెండు ముక్కలవుతుంది. బాక్సు ఎక్కడ పెట్టాలో ఎట్లా తేలుతుందన్న ఒక్క ప్రశ్న మీదే శోభన మూడు వందల పేజీలు రాసింది. ఇన్ని పేజీలు రాసిన మనిషికి సొంత ఊరి సంగతి తెలియకుండా పోతుందా అంటే, అట్లాంటివాళ్ళకే పోతుంది.

మార్చి నెలలో రోడ్డు డ్రాయింగులు బయటపెట్టారు. తొమ్మిది ఊళ్ళలో ఎనిమిదింటికి బాక్సు ఇచ్చారు. కిలోమీటరు ముప్పై ఒకటిన్నర దగ్గర, బసవనదొడ్డికి మాత్రం మెట్లున్న ఇనుప వంతెన ఒకటి ఇచ్చి సరిపెట్టారు. మనుషులు ఎక్కి దిగవచ్చు. గొర్రెలు ఎక్కవు.

బసవనదొడ్డి శోభన ఊరు. రాయకోటకు అయిదు కిలోమీటర్లు. ఒక పక్క రైలుకట్ట, ఇంకో పక్క కొండ, నడుమ నూట పన్నెండు ఇళ్ళు. మేతంతా కొండ వైపే ఉంది. కొత్త రోడ్డు సరిగ్గా ఊరికీ కొండకూ మధ్యనుంచి పోతుంది. ఇప్పుడు ఊళ్ళో సగం మంది తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి హోసూరు ఫ్యాక్టరీలకు పోతున్నారు. మందలు మిగిలింది మూడిళ్ళలోనే. అందులో ఒకటి శోభన నాయన శివప్పది. ఆయనకు అరవై నాలుగేళ్ళు. నడక నేర్చిన నాటి నుంచీ పొద్దున్నే మందను కొండకు తోలుకుపోవడం, పొద్దువాలేటప్పటికి దొడ్డికి చేర్చడం, ఇంతే ఆయన జీవితం. కొత్త డ్రాయింగు ప్రకారం దగ్గరి బాక్సుకు పోవాలంటే ఆరు కిలోమీటర్లు. పోను ఆరు, రాను ఆరు. గొర్రెలు నడవడమే సరిపోతుంది, మేసేదెప్పుడు? బాక్సు రాకపోతే శివప్ప మందను అమ్ముకోవాల్సిందే. అమ్ముకున్నాక ఆయన ఏం చేస్తాడో ఊహించడం శోభన చేత కాలేదు.

డ్రాయింగుల వెనక ఏ ఊళ్ళో ఇళ్ళెన్ని, గొర్రెలూ మేకలూ ఎన్ని అని ఒక పట్టిక ఉంది. "బసవనదొడ్డి: ఇళ్ళు 112, జీవాలు 0." కింద చిన్న అక్షరాల్లో, ఈ వివరాలు ఫలానా సంస్థ చేసిన ఇంటింటి సర్వే నుంచి తీసుకున్నవి అని రాసి ఉంది. ఆ ఫలానా సంస్థ శోభన సంస్థే.

రెండేళ్ళ కింద ఆ సర్వే నడిపింది శోభనే. ఎనిమిది ఊళ్ళు తనే కాళ్ళరిగేలా తిరిగింది. సొంత ఊళ్ళో తనే అడిగితే పక్షపాతం అంటారని బసవనదొడ్డిని తోటి విద్యార్థి ముఖేశ్‌కు అప్పగించింది. ముఖేశ్ హోసూరు టౌనులో అపార్ట్‌మెంటులో పుట్టి పెరిగినవాడు. మంచివాడు, ఓపిక ఉన్నవాడు. నూట పన్నెండు గడపలూ ఎక్కి దిగాడు. ప్రశ్నల కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా "మీకు జీవాలు ఎన్ని?" అని అడిగాడు. లేనివాళ్ళు లేవన్నారు, అక్కడ సున్నా రాసుకున్నాడు. మందలున్న మూడిళ్ళవాళ్ళు మాత్రం "ఏదో ఉండాయప్పా, స్వామి దయ" అని మాట మార్చి, మజ్జిగ ఇచ్చి పంపించారు. అతను మజ్జిగ తాగి ఆ మూడు గడులూ ఖాళీగా వదిలేశాడు.

బసవనదొడ్డిలో జీవాలను లెక్కపెట్టరు. వేలు చూపి లెక్కించినా, ఇన్ని ఉన్నాయని నోటితో అన్నా మందకు చేటని వాళ్ళ నమ్మకం. ఈ సంగతి శోభనకు పాలు తాగే నాడే తెలుసు. మిగతా ఊళ్ళలో తను ఎవర్నీ నోరు తెరిచి అడగలేదు. ఊరికే దొడ్డి దాకా పోయి, నాలుగు మాటలు మాట్లాడి, కంటితో అంచనా కట్టి రాసుకుంది. ముఖేశ్‌కు మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని కూడా ఆమెకు తోచలేదు. అన్నం చేత్తో తినాలని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

అక్కడితో ఆగినా బాగుండేది. సర్వే అయిపోయాక ఒక మధ్యాహ్నం శోభన ఆ వివరాలన్నీ కంప్యూటరులో సరిచేస్తూ కూర్చుంది. ఖాళీ గడులన్నిటినీ ఒక్క దెబ్బతో సున్నాలు చేయబోయేముందు ఆమె కన్ను బసవనదొడ్డి మీద ఆగింది. మూడు ఖాళీలు. ఒకటి నాయన పేరు పక్కన. నాయన దొడ్డిలో గొర్రెలు లేవని ఆమె కల్లో కూడా అనుకోలేదు. ముఖేశ్‌ను మళ్ళీ పంపుదామా అనుకుంది. సొంత ఊరికి ప్రత్యేకంగా చేసిందంటారేమోనని వెనకాడింది. మిగతా ఊళ్ళ ఖాళీలకు ఏం చేసిందో వీటికీ అదే చేసింది. బంధుప్రీతి చూపలేదని లోలోపల కాస్త గర్వపడింది కూడా. అదీ ఆమె చేసి మరిచిపోయిన ఘనకార్యం.

ఇదంతా గుర్తొచ్చాక శోభన ఆ పాత ఫైళ్ళు మూసేసి కృష్ణగిరి బస్సెక్కింది.

కృష్ణగిరిలో రోడ్డు ప్రాజెక్టు ఆఫీసు ఒక పెళ్ళిమంటపం మేడ మీద ఉంది. అక్కడి ఇంజనీరు పేరు భరణి. నలభై దాటినవాడు, తొందరపడే రకం కాదు. శోభన చెప్పిందంతా విని డ్రాయింగు బల్ల మీద పరిచాడు.

"మేడమ్, మీరు ఇచ్చిన లెక్కనే కదా మేము పెట్టినాము" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

"తప్పు నాదే సార్. దాన్ని సరిచెయ్యాలనే వచ్చినాను."

"చెయ్యొచ్చు. మా రూలు ప్రకారం రోజుకు రెండు వందల జీవాలు దాటే తావైతే బాక్సు ఇస్తాము. ఈ నెల ఇరవై ఎనిమిది దాకా అభ్యంతరాలు తీసుకుంటాము. ఎవరివి ఎన్నో పేరుపేరునా రాసి, యజమాని సంతకం పెట్టించి తెండి. నేనొచ్చి ఒకసారి చూస్తాను."

"సంతకం కంపల్సరీనా?"

"సున్నా ఒకసారి రాసేసినారు కదా మేడమ్. ఈసారి నోటి మాట చెల్లదు."

ఇంకా పన్నెండు రోజులున్నాయి. శోభన రాయకోటలో బస్సు మారి పొద్దు వాలేసరికి ఊరు చేరింది. తల్లి నంజమ్మ గులాబీ తోటలో కూలి ముగించుకుని వచ్చి పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. శివప్ప కంబళి దులిపి దండెం మీద వేస్తున్నాడు. ఈ సమయంలో కూతురు ఊడిపడేసరికి ఆయన ముఖం విప్పారింది. ఆమె సంగతి చెప్పేసరికి ఆ ముఖం ముడుచుకుపోయింది. సున్నా ఎవరు రాశారన్నది మాత్రం ఆమె చెప్పలేదు. లెక్కలో తప్పు జరిగిందని మాత్రం అంది.

"రోడ్డు సంగతి నాకూ తెలుసు పాపా. పసుపు రాళ్ళు పాతిపెట్టినారు, చూస్తానే ఉండాను" అన్నాడు శివప్ప. "అయితే ఆ లెక్క మాత్రం నన్ను అడగొద్దు."

"నువ్వు నోటితో చెప్పొద్దు నాయనా. నేను చూసి రాసుకుంటాను. నువ్వు సంతకం పెడితే చాలు."

"సంతకం పెడితే నేను చెప్పినట్లే కదా."

"బాక్సు లేకపోతే మందనే ఉండదు."

"లెక్కపెడితే మాత్రం ఉంటుందా?" అని ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు ఏడో క్లాసు చదివేటప్పుడు బీమా ఆయన వచ్చినాడు, గ్యాపకం ఉండాదా? వద్దప్పా అంటే వినలేదు. చెవులకు బిళ్ళలు కొట్టి ఒకటి, రెండు అని మా కళ్ళముందరే లెక్కపెట్టినాడు. ఆ నెల్లోనే కదా నోటిపుండ్ల జబ్బు వచ్చింది. సగం దొడ్డి పాయె."

శోభనకు బాగానే గుర్తుంది. పొద్దున్నే లేచి చూస్తే కంప పక్కన వరసగా పడి ఉన్నాయి. నాయన వాటి మీద గోనెపట్టాలు కప్పుతూ, పిల్లలను ఇంట్లోకి పొమ్మని అరిచాడు. ఆయన అరవడం ఆమె విన్నది ఆ ఒక్కసారే.

"ఆ ఏడు వానలు ఎక్కువై జిల్లా అంతా ఆ జబ్బు వచ్చింది నాయనా. లెక్కపెట్టని దొడ్లలో కూడా పోయినాయి."

"పోయినాయి. మనయి కూడా పోయినాయి కదా" అన్నాడు శివప్ప.

నంజమ్మ ఇద్దరి ముందూ సంగటి ముద్దలు పెట్టి, అనపగింజల పులుసు పోసింది. "తినేటప్పుడైనా రోడ్డును కాసేపు ఆపండి" అంది.

మర్నాడు శోభన మిగతా రెండిళ్ళకూ పోయింది. గుర్రప్పది ఊళ్ళోకెల్లా పెద్ద మంద. తాటాకు గొడుగు బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. "నాకు చదువు లేదు పాపా. మీ నాయన చెప్తే నేనూ చెప్తాను. ఆయన నోరు తెరవకుండా నేను తెరిస్తే, రేపు నా దొడ్లో ఏమైనా అయితే మా ఇంట్లోది నన్ను బతకనిస్తుందా?" అన్నాడు. అంగాళమ్మకు ఉన్నవన్నీ మేకలే. మొగుడు పోయాక వాటితోనే బతుకుతోంది. ఆమె ఇంకా సూటిగా మాట్లాడింది. "ఏమ్మా శోభనా, బెంగుళూరులో ఇన్నేండ్లు చదివి, మా మేకల లెక్క అడిగేదానికి వచ్చినావా?"

"అవునవ్వా" అంది శోభన. అబద్ధమాడటానికి ఏమీ మిగల్లేదు.

మూడు రోజులు పోయాయి, నాలుగు పోయాయి. శోభన నాయనతో కొండకు పోయింది. రోడ్డు వచ్చే తావు చూపించింది. కట్ట ఎంత ఎత్తుంటుందో చెట్టు కొమ్మ చూపి చెప్పింది. అవతలి నుంచి చుట్టూ తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఎండలో నడిపించి చూపింది. శివప్ప నడిచాడు. ఎందుకు నడుస్తున్నాడో తెలుసు గనక ఏమీ అనలేదు. అంత నడిచొచ్చాక కూడా "లెక్క మాత్రం అడగొద్దు" అన్నాడు. పిరికివాళ్ళకు మెత్తగా, మొండివాళ్ళకు గట్టిగా చెప్పడం వచ్చిన శోభన, నాయనకు ఎట్లా చెప్పాలో తెలియక గింజుకుంది.

గడువు ఇంకా ఆరు రోజులుందనగా ఆమెకు ఒక్క సంగతి తట్టింది. తను అందరి దగ్గరా రోడ్డు గురించి మాట్లాడుతోంది, రూలు గురించి మాట్లాడుతోంది, సున్నా గురించి మాత్రం మాట్లాడటం లేదు. దాన్ని దాచిపెట్టి నాయనను మాత్రం ఆయన భయం విడిచిపెట్టమంటోంది. అది తలుచుకుంటే ఆమెకు తన మీదే రోత పుట్టింది.

పొద్దున్నే దొడ్డి దగ్గరికి పోయింది. శివప్ప ఒక గొర్రె కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్టలో దిగిన ముల్లును సూదితో తీస్తున్నాడు.

"నాయనా, ఆ తప్పు లెక్క రాసింది నేనే."

ఆయన తలెత్తలేదు. "ఏం లెక్క?"

శోభన కాగితం విప్పి ఆయన ముందు పట్టుకుంది. శివప్పకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంకెలు బాగానే వచ్చు. "శివప్ప, తండ్రి లింగయ్య" అన్న వరస మీద ఆయన వేలు మెల్లగా కదిలి చివరి గడి దగ్గర ఆగింది.

"నా పేరు పక్కన సున్నానా?"

"అవును."

"ఆ మజ్జిగ తాగిన అబ్బాయి రాసినాడా?"

"లేదు. వాడు ఖాళీగా వదిలిపెట్టినాడు. నేనే సున్నా పెట్టినాను."

ముల్లు తీయడం సగంలో ఆగింది. గొర్రె కాలు విదిలించుకుంటే వదిలేశాడు. "వాడికి తెల్లేదు. నీకు తెలుసు కదా పాపా" అన్నాడు.

"తెలుసు నాయనా."

"మరి?"

"సొంతూరని ఎక్కువ చూసినానని అంటారేమోనని భయపడినాను."

శివప్ప సూదిని అంగీకి గుచ్చుకున్నాడు. కోపం వచ్చి ఉంటే ఆమె తట్టుకునేది. ఆయన ముఖంలో కోపం లేదు. తన ఇంట్లో ఎవరో పోయారని పొరుగూరి నుంచి కబురు విన్నవాడిలా ఉన్నాడు.

"లెక్కపెడితే చేటని మా పెద్దోళ్ళు చెప్పినారు, నోరు మూసుకున్నాను" అన్నాడు చివరికి. "ఉన్నవాటిని లేవని రాస్తే ఏమౌతుందో వాళ్ళు చెప్పలేదు. అట్ల రాసేవాళ్ళు ఉంటారని వాళ్ళకు తోచలేదు."

శోభనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన తడిక తీసి మందను కొండకు తోలుకుపోయాడు. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. నంజమ్మ ఎంత అడిగినా ఇద్దరూ ఏమైందో చెప్పలేదు.

మర్నాడు పొద్దున మొహం కడుక్కుంటూ శివప్ప అన్నాడు. "ఆ సారును రమ్మను. నేను లెక్క చెప్పను. పేర్లు చెప్తాను. లెక్కపెట్టుకునేవాళ్ళు లెక్కపెట్టుకోనీ."

భరణి రెండు రోజులకు జీపులో వచ్చాడు. వెంట ఆఫీసు మనిషి ఒకతను ఉన్నాడు. గుర్రప్ప, అంగాళమ్మ కూడా వచ్చి కంప అవతల నిలబడ్డారు. తడిక ఒక గొర్రె పట్టేంత మేర తీశారు. శివప్ప లోపలి వైపు నిలబడ్డాడు. బయట ఆఫీసు మనిషి ఒక్కొక్కటీ దాటుతుంటే తన లెక్క తను వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. శోభన అట్ట మీద తెల్ల కాగితం పెట్టుకుంది. ఒక పేరుకు ఒక గీత గీయాలి. అప్పటికి గాని ఆమెకు వెలగలేదు, లెక్కపెడుతున్నది తనేనని. భరణి ఆమె వైపు చూశాడు. ఆమె పెన్ను మూత తీసింది.

"నల్లచెవిది" అన్నాడు శివప్ప. ఒకటి దాటింది. "దాని కూతురు. మొండితోక. సోమవారంది. బొల్లిది, బొల్లిదాని చెల్లెలు. ఓట్లది."

"ఓట్లదా?" అన్నాడు భరణి.

"ఓట్లేసిన దినం పుట్టింది సార్. ఇది లాక్‌డౌనుది. ముసిలిదైపోయింది. ఇది వచ్చి గుర్రప్ప కాడ మార్చుకున్నది. ఇది ఎవురి మాటా వినదు, పేరు పెట్టలేదు, 'ఏయ్' అంటే వస్తుంది."

కంప అవతల అంగాళమ్మ నవ్వింది. భరణి కూడా నవ్వాడు. శివప్ప నవ్వలేదు. గుడిలో పేర్లు చెప్పించుకునే మనిషిలా, ఒక్కొక్కదాన్నీ పేరు చెప్పి పిలిచి, దగ్గరికొచ్చినదాని వీపు మీద చెయ్యి వేసి పంపిస్తున్నాడు. అట్లా అరగంట పట్టింది. శోభన చిన్నప్పటి నుంచీ చూసిన మందే. అయినా ఆమెకు తెలిసిన పేర్లు పదో పన్నెండో. మిగతావన్నీ ఇన్నేళ్ళూ గొర్రెలు, అంతే. ఇప్పుడు గీత గీతకూ ఒక్కొక్కటి మొహంతో సహా మనసులో కూర్చుంటోంది.

చివరిది దాటాక ఆఫీసు మనిషి ఎనభై ఆరు అన్నాడు. శోభన గీతలు కూడితే ఎనభై ఏడు వచ్చాయి. మళ్ళీ కూడింది. ఎనభై ఏడే.

"ఒకటి ఎక్కువ రాసినట్లుండారు మేడమ్" అన్నాడు భరణి.

అంకెలు చెవిన పడకూడదని శివప్ప పక్కకు తిరిగి నిలబడ్డాడు గాని, ఆ మాట వినపడింది. "ఎక్కువ రాయలేదు సార్. కరెంటుది రాలేదు. పేరు చెప్పినాను, అది కదల్లేదు" అన్నాడు. దొడ్డి మూలకు పోయి చూస్తే, కంప నీడలో ఒక పుల్లరంగు గొర్రె ముందుకాలు ఎత్తిపట్టుకుని నిలబడి ఉంది. మొన్న సగంలో ఆగిన ముల్లు దీనిదే. ట్రాన్స్‌ఫార్మరు పేలిన రోజు పుట్టిందట. శివప్ప దాన్ని నడిపించుకుంటూ తడిక దాకా తీసుకొచ్చాడు. ఆఫీసు మనిషి తన కాగితం మీద ఆరును ఏడుగా దిద్దుకున్నాడు. భరణి చూసిన సర్వేల్లో ఇట్లాంటి సర్వే లేదు.

ఆ తర్వాత గుర్రప్ప తన దొడ్డి తెరిచాడు, అంగాళమ్మ మేకలను విప్పింది. ఎండ ఎక్కేసరికి మూడూ కలిపి రెండు వందల ఏడు తేలాయి. ఎనిమిది తక్కువైతే బాక్సు లేనట్టే. శోభన ఫారంలో సంఖ్యలు రాసింది. సంతకం పెట్టించడానికి నాయన దగ్గరికి తీసుకుపోతూ, సంఖ్య ఉన్న గడిని అరచేత్తో కప్పింది. శివప్ప ఆ చేతి కింద ఏముందో చూడలేదు. వంకర అక్షరాలతో మెల్లగా సంతకం పెట్టాడు.

"ఆ పాత సున్నా కొట్టేసినావా?" అని అడిగాడు.

"కొట్టేసినాను నాయనా."

"ఊ" అని కర్ర తీసుకున్నాడు. మంద అప్పటికే కొండ దారి పట్టింది.

సవరించిన డ్రాయింగు జులైలో వచ్చింది. కిలోమీటరు ముప్పై ఒకటిన్నర దగ్గర బాక్సు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. శోభన ఆ పేజీని పెద్దగా ప్రింటు తీయించి, ఫోన్లో చెబితే మజా ఉండదని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. దారిలో రోడ్డు పనివాళ్ళ రేకుల షెడ్లు కొత్తగా కనిపించాయి. ఊరికి రెండు ఫర్లాంగుల దూరంలోనే వేశారు. షెడ్ల వెనక ఎంగిలాకుల కుప్ప, దాని చుట్టూ అయిదారు కుక్కలు. చూసి కూడా ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

ఇంటికి చేరేసరికి మంద దొడ్డికి మళ్ళుతోంది. శోభన సంచీ కూడా దించకుండా తడిక పక్కన నిలబడింది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి పోతున్నాయి. నల్లచెవిది పోయింది, దాని కూతురు పోయింది. ఓట్లది పోయింది. పేరు లేనిది 'ఏయ్' అనిపించుకుని పోయింది. ఆమె లెక్కపెట్టడం లేదు. ఊరికే చూస్తోంది. చివరి గొర్రె తోక లోపలికి పోయేసరికి ఆమెకు ఎక్కడో ఏదో వెలితిగా అనిపించింది.

"నాయనా, కరెంటుది యాడ?"

తడిక మీద చెయ్యి వేసిన శివప్ప అట్లాగే ఆగిపోయాడు. "ఎవురు చెప్పినారు నీకు? మీ అమ్మనా? చెప్పొద్దంటిని కదా."

"ఎవరూ చెప్పలేదు. కనబడలేదు, అంతే."

ఆయన కూతురి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "కుక్కలు పట్టినాయి పాపా" అన్నాడు. "ఆ షెడ్లకాడివి. కాలు కుంటిది కదా, వెనకబడింది. నేను పోయేలోపలే అయిపోయింది."

"ఎప్పుడు?"

శివప్ప తడిక తాడు చేత్తో మెలిపెట్టాడు. "సంతకం పెట్టిన వారంలోనే. ఆ షెడ్లు వేసిందీ అప్పుడే. అదేం నీ లెక్క వల్ల కాదులే. కుక్కల వల్ల."

కుక్కల వల్లేనని శోభనకు తెలుసు. షెడ్లు ఎక్కడ వేస్తారో, ఎంగిలాకులు ఎక్కడ పారేస్తారో అడిగే గడి ఏ ఫారంలోనూ లేదని కూడా తెలుసు. కాని నాయన నమ్మకం అది కాదు. ఆ నింద కూతురి మీద పడకూడదని, జన్మంతా నమ్మినదాన్ని ఒక్క మాటతో పక్కన పెట్టేశాడాయన. నాలుగు నెలలు ఆమెకు తెలియనీయకుండా మోశాడు. ఆమె తడిక పట్టుకుని ఏడ్చింది. శివప్ప ఊరుకోమని అనలేదు, పక్కనే నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని సంచీలోంచి డ్రాయింగు తీసి చూపించింది. ఆయన దాన్ని వెలుగు వైపు పట్టుకుని, బాక్సు గుర్తు మీద వేలు పెట్టాడు. కొండ వైపు ఒకసారి, ఊరి వైపు ఒకసారి ఆ వేలు నడిపించాడు.

"దాంట్లో కరెంటుది కూడా ఉండాదా?"

"ఉండాది నాయనా. ఆరోజు రాసిందే ఇప్పటికీ లెక్క. కావాలంటే రేపు పోయి మార్పిస్తాను."

"మార్చొద్దు. ఉండనీ" అన్నాడు శివప్ప, తడిక మూసి తాడు కడుతూ. "లేదని ఒకసారి రాసింది చాలు."